ఏడుపు నేర్చుకున్న పెట్టె

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. రాత్రిపూట పాప ఏడుస్తుంది, తనకు వినపడదు.

చిన్నప్పుడు చీము పట్టి ఆమె కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. బడిలో వెనక బెంచీలో కూర్చుని, పంతులమ్మ పెదవులు కదలడం చూసి పాఠం ఊహించుకుని ఊహించుకుని, ఎనిమిదో తరగతిలో ఇక నా వల్ల కాదని ఇంటికొచ్చేసింది. పగలు చెవి మిషన్ పెట్టుకుంటే ఫరవాలేదు. ఎదుటి మనిషి మొహం కనబడితే చాలు, మాట అందుతుంది. రాత్రి మాత్రం ఆ మిషన్ తీసి డబ్బాలో పెట్టెయ్యాలి, లేకపోతే చెవి లోపల పుండు పడుతుందన్నాడు డాక్టరు. డబ్బా మూత పడిందంటే ఆమెకు లోకం మూతపడినట్టే.

ఇన్నాళ్ళూ భర్త పక్కనుండేవాడు. పాప కుయ్యిమన్నదో లేదో ఆమె భుజం తట్టేవాడు. ఆమె లేచి పాపను ఎత్తుకునేలోపే అతను మళ్ళీ గుర్రుపెట్టేవాడు. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది. కానీ ఈ సాయంత్రం నుంచి అతనికి రాత్రి డ్యూటీ. అతను సీసాల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే ఫిట్టరు. రాత్రి మిషన్లు చూసే మనిషి పోయిన నెల చెప్పాపెట్టకుండా మానేశాడు, అప్పట్నుంచీ వాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. ఇతన్ని వెయ్యడం తప్ప వాళ్ళకి దారి లేదు, వెళ్ళడం తప్ప ఇతనికీ దారి లేదు.

"దానికేముంది, ఇద్దరూ రాత్రిళ్ళు మా ఇంటికొచ్చెయ్యండి," అంది అత్తగారు. "పాప నా పక్కలో పడుకుంటుంది. నువ్వు లోపలి గదిలో హాయిగా కంటినిండా నిద్రపో."

అత్తగారిది వెన్నలాంటి మనసు. అందుకే కాదనడం మరీ కష్టం. ఆవిడ పక్కనుంటే పాప పెదవి వంచక ముందే లేచి కూర్చుంటుంది. తన బిడ్డ ఎందుకు ఏడ్చిందో, ఎలా ఊరుకుందో ఆమె తెల్లారాక ఇంకొకరి నోటి వెంట తెలుసుకోవాలి. అది ఆమెకు ఇష్టం లేదు. పాప ఏడిస్తే లేచే మనిషి తనే కావాలి. పైకి అంటే 'అదేం పంతం తల్లీ' అంటారని ఎవరితోనూ అనలేదు.

ఉపాయాలు చెయ్యకపోలేదు. మెత్తటి దారం ఒక కొస పాప కాలికీ, ఇంకో కొస తన మణికట్టుకీ కట్టుకుని చూసింది. పాపకి అది బ్రహ్మాండమైన ఆట అయి కూర్చుంది. రాత్రంతా కాలు ఝాడించి అమ్మను లేపడం, లేచిన అమ్మ మొహం చూసి కిలకిలా నవ్వడం. తర్వాత బజార్లోంచి చప్పుడుకి వెలిగే దీపం ఒకటి తెచ్చారు. అది పాప ఏడిస్తే వెలిగింది, కుక్క మొరిగితే వెలిగింది, చెంచా పడితే వెలిగింది, చూడ్డానికొచ్చిన అత్తగారు తుమ్మితే ఆగకుండా వెలుగుతూనే ఉంది.

"దీనికి మా అమ్మంటే నాకన్నా భయం," అన్నాడు భర్త.

అప్పుడు రంగంలోకి దిగింది వదిన. భర్తకు అక్క. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని, రెండు వీధుల అవతల తల్లితో కలిసి కాపురం. నోరు పెద్దది, చేతిలో పనితనం అంతకన్నా పెద్దది.

"నీకు కావలసింది చప్పుడు వినే దీపం కాదు మరదలు పిల్లా. మన సైరన్‌ని గుర్తుపట్టే దీపం," అంది.

సైరన్ అంటే పాప. ఆ పేరు పెట్టింది వదినే.

ఇంట్లో మూలనున్న పాత కంప్యూటర్‌కి మైకు తగిలించి, పాప ఏడుపేదో, కుక్క అరుపేదో, అత్తగారి తుమ్మేదో విడదీసి చూసే ప్రోగ్రాం ఒకటి వదిన రాసిపెట్టింది. ఏడుపు అని తేలితే మంచం పక్క దీపం టపటపా కొట్టుకోవాలి. పెట్టెకి నేర్పడానికి రకరకాల ఏడుపులు కావాలంది. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, ఊరికే ఏడుపు. ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని పెళ్ళిలో ఫొటోగ్రాఫర్లలా పాప చుట్టూ తిరిగారు. ఆ వారం పాప ఏడిస్తే ఎత్తుకునేవాళ్ళ కన్నా రికార్డు చేసేవాళ్ళే ఎక్కువ.

పెట్టె చక్కగానే నేర్చుకుంది. కాకపోతే దాని బుర్ర చాలలేదు. వినడం మొదలెట్టగానే పొయ్యి మీద పెనంలా వేడెక్కేది. పాప ఏడ్చి, పాలు తాగి, నిద్రపోయాక తీరిగ్గా దీపం వెలిగించేది.

"ప్రాసెసర్ మార్చాల్సిందే," అంది వదిన. ప్రాసెసర్ అంటే పెట్టెకి మెదడు, చూడ్డానికి బిస్కెట్ ముక్కంత ఉంటుంది. పాతదాన్ని పొద్దున్నే వచ్చి ఊడదీసుకెళ్ళి షాపులో ఇంకెవరి మిషన్‌కో బిగించి పంపించేసింది. మధ్యాహ్నానికి కొత్తది పట్టుకుని, షాపుకి సెలవు పెట్టి వచ్చింది.

నేల మీద పాత దుప్పటి పరిచి, పెట్టెను పక్కకి పడుకోబెట్టి, డొక్క విప్పింది. కొత్త ప్రాసెసర్‌ని దాని గూట్లో కూర్చోబెట్టి, మీద బటాణీ గింజంత పేస్టు పెట్టి, ఆపైన ఫ్యాను బిగించింది. ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆపరేషన్ గదిలో నర్సులా మరలు అందించింది.

"ఇక చూస్కో," అంది వదిన, స్విచ్చి నొక్కి.

ఫ్యాను బుస్సున తిరిగింది. లోపల ఎర్ర దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉంది. కాసేపటికి ఆ నలుపులో 'సిగ్నల్ లేదు' అన్న అక్షరాలు తేలి, ఇల్లు మరిచిపోయిన తాగుబోతులా ఈ మూల నుంచి ఆ మూలకి తూలడం మొదలెట్టాయి.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదు. కొత్త పెళ్ళికూతురు కదా, సిగ్గు."

ఇదంతా గుసగుసల్లోనే. పాప నిద్రపోతోంది, పక్క గదిలో రాత్రి డ్యూటీ కోసం భర్త కూడా నిద్రపోతున్నాడు. అసలు పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదన్నది అతను పెట్టిన చట్టం. రోజంతా సీసాల గలగలల్లో నలిగొచ్చే మనిషి, ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఊరుకోడు. తలుపు మడతబందులకి నూనె పోశాడు. కుర్చీ కాళ్ళకి గుడ్డలు చుట్టాడు. కాలింగ్ బెల్ ఊడబీకాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ తీసేశాడు. ఆ ఇంట్లో వేళెంతైందో తెలియాలంటే కింద సైకిల్ షాపతను షట్టర్ దించాడో లేదో కిటికీలోంచి తొంగి చూడాలి.

ఆ గుసగుసల్లో అందరికన్నా సుఖంగా ఉన్నది ఆమే. మిగతావాళ్ళు "ఆఁ? ఏంటీ?" అని మెడలు సాచుతుంటే, ఆమె పెదవులు చూసి టకీమని జవాబు చెప్పేది. "ఇంతకీ చెవిటిదానివి నువ్వా నేనా?" అని వదిన నవ్వేది.

ఈ మధ్యాహ్నం మాత్రం వదిన నవ్వు అంతసేపు నిలవలేదు. పెట్టె ఆపింది, వేసింది. పెట్టె జ్ఞాపకాలుండే మెమరీ పట్టీలు పీకి, బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చింది. బోర్డు మీది బొత్తాం బ్యాటరీ తీసి, కాసేపు ఊరుకుని, తిరిగి పెట్టింది. తీగలన్నీ లాగి లాగి చూసింది. ఫ్యాను విప్పి, పేస్టు తుడిచి, ప్రాసెసర్‌ని గూట్లోంచి తీసి, ఫోన్ టార్చి వెలుగులో ఒక కన్ను మూసుకుని తిప్పి తిప్పి చూసింది. దాని అడుగు సూదుల్లో ఒక్కటి కూడా వంగలేదు. మళ్ళీ బిగించి నొక్కింది. ఫ్యాను బుస్సు. తెర మీద తాగుబోతు.

"ఈ బోర్డుకి ఇది సరిపోతుందని కంపెనీ వాళ్ళ కాగితం చూసి మరీ తెచ్చానే," అని గొణిగింది.

అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ అత్తగారు వచ్చింది. గుమ్మంలోనే కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుని, గుసగుసగానే అరిచింది.

"పక్క వేసి వచ్చానమ్మాయ్. చుట్టూరా దిళ్ళు పెట్టాను, దొర్లినా పడదు. పాప బట్టలు సర్దావా?"

"ఇంకా పెట్టె తేలలేదు అత్తయ్యా."

"తేలకపోతే మునగనీ. మనకి ఇల్లు లేదా, వాకిలి లేదా?"

వదిన స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "లాభం లేదు మరదలా. కనీసం బీప్ అన్నా రావాలి. ఒంట్లో ఏం బాగోకపోయినా ఈ పెట్టెలు ఒక కూత కూసి చెప్తాయి. పట్టీలు ఊడితే ఒక రకం కూత, తెర అందకపోతే ఇంకో రకం. షాపులో సగం రోగాలు నేను ఆ కూతని బట్టే పట్టేస్తాను. దీనికి ఏ కూతా లేదు. కుయ్ లేదు, కయ్ లేదు. అంటే ప్రాసెసరే చచ్చి పుట్టిందన్నమాట."

"ఒసేయ్, పసిపిల్లున్న ఇంట్లో ఏం మాటలే అవి!"

"సరే, స్పృహ లేకుండా పుట్టింది. ఎలా పుడితేనేం, వాపసు పంపాలి. ఇంకోటి రావడానికి వారం పైనే."

వారం. వారం పాటు రాత్రిళ్ళు అక్కడ అలవాటైతే, పాపకి ఏడ్చినప్పుడు వెతుక్కునే మొహం మారిపోతుంది. ఆ మొహం మళ్ళీ ఇటు తిరుగుతుందో లేదో. ఆమె లేచి బీరువా తీసి, పాప గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో పెట్టసాగింది. మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోందని అత్తగారు చూసింది.

ఈలోపు పాప లేచింది. ఉయ్యాల పట్టె పట్టుకుని నిలబడి, అందరి వంకా తీర్పు చెప్పే జడ్జిలా చూసింది. వదిన చివరిసారి చూద్దామని ఇంకోసారి స్విచ్చి నొక్కింది. పాప ఫ్యాను వంక ఒక చూపు చూసి, తన బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

గౌను చేతిలో పట్టుకునే ఆమె ఆగిపోయింది.

"వదినా, ఆ బీప్ అనేది పెద్ద చప్పుడా?"

"చిన్నదే. సన్నగా, గుచ్చినట్టు ఉంటుంది. నీ మిషన్‌కి అందదులే."

"అందదు. కానీ ఇంతకుముందు ఈ పెట్టె వేసినప్పుడల్లా పాప ఉలిక్కిపడేది. చేతులు రెండూ ఇలా పైకెత్తి. ఎందుకు ఉలిక్కిపడుతోందో నాకు అర్థమయ్యేది కాదు. ఫ్యాను చూసి అనుకున్నా. ఈ మధ్య ఉలిక్కిపడట్లేదు."

"కొత్త ప్రాసెసర్ కదా, అందుకే…"

"కాదు వదినా. పాతది ఉన్నప్పుడే మానేసింది. మీరు మైకు తగిలించిన రోజుల్లో కూడా ఊరికే చూస్తూ కూర్చుంది."

వదిన ఆమె వంక చూసింది. పాప వంక చూసింది. తర్వాత పెట్టె మీదకి వంగి, బోర్డు కింది మూలకి టార్చి వేసింది. అక్కడ సన్నటి సూదులు కొన్ని బోసిగా నిలబడి ఉన్నాయి.

"స్పీకర్ ఏదీ?"

"ఏ స్పీకర్?"

"కూత కూసేది. చొక్కా బొత్తాం అంత నల్ల బిళ్ళ, దానికి రెండు తీగలు. ఇక్కడుండాలి. ఉందనే అనుకున్నా, ఎవరు చూస్తారు దాన్ని!" వదిన గుసగుస మరిచిపోయింది. "గొంతు పీకేసిన మనిషిని పట్టుకుని పలకట్లేదు, పలకట్లేదు అని ఏడుస్తున్నామా ఇంతసేపూ?"

ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే పక్క గది తలుపు వంక చూశారు. ఆ తలుపు వెనక చట్టం చేసిన మహానుభావుడు గుర్రుపెడుతున్నాడు.

లేపింది అత్తగారు. దిండుతో.

"ఒరేయ్, ఆ పెట్టె గొంతు ఏం చేశావురా?"

"ఏ పెట్టె?" కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఓ, అదా. వేసినప్పుడల్లా కీక్‌మని పాపని అదరగొడుతోందని తీసేశా. ఏం?"

"ఏమా? మీ అక్క మధ్యాహ్నం నుంచీ దానికి పోస్టుమార్టం చేస్తోందిరా!"

అతను లేచి, మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి లాగాడు. ఇంట్లో నోరు మూయించినవన్నీ అందులోనే ఉన్నాయి. కాలింగ్ బెల్ ఒకటి, అలారం గడియారం గంట ఒకటి, రబ్బరు బాతు పొట్ట కోసి తీసిన కీచుబిళ్ళ ఒకటి. వాటి అడుగున, దూదిలో చుట్టి, కంప్యూటర్ గొంతు.

"ఏవండీ, ఒక్క మాట చెప్పొచ్చుగా," అంది ఆమె.

"చెప్తే చప్పుడవుతుందని," అన్నాడు. తర్వాత చెంపలు తడుముకున్నాడు, కొట్టుకోవాలా వద్దా అన్నట్టు.

వదిన ఆ బిళ్ళ తీగలు సూదులకి తగిలించి స్విచ్చి నొక్కింది.

ఆమెకు ఏమీ వినపడలేదు. మొహాలు చూసింది. ముందు పాప చేతులు రెండూ పైకి లేచాయి. వెంటనే అత్తగారి కనుబొమలు. భర్త నోరు తెరిచాడు. వదిన మాత్రం వేలు పైకెత్తి గాల్లో ఒక పొడుగు గీత గీసింది, దాని పక్కన రెండు చుక్కలు పెట్టింది. మళ్ళీ ఒక గీత, రెండు చుక్కలు.

"బతికే ఉంది!" అంది వదిన. "మధ్యాహ్నం నుంచీ నోరు మొత్తుకుంటూనే ఉంది పాపం. మనకే అందలేదు."

చెవులు సరిగ్గా పనిచేసే మనుషులు ఇంతమంది చుట్టూ కూర్చుని ఉండగా ఒక వస్తువు మధ్యాహ్నమంతా ఏడ్చింది. ఒక్కరికీ వినపడలేదు. ఇది తలచుకుంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది. దాని వెనకే, ఎందుకో, గుండె మీంచి చిన్న రాయి దిగినట్టు కూడా అయింది. చేతిలో గౌను పక్కన పెట్టి అడిగింది: "ఏమంటోంది?"

"తెర అందట్లేదు అంటోంది. తెర ఎందుకు అందదు… ఓరి నా బుర్రా!" వదిన నుదురు కొట్టుకుంది. "పాత ప్రాసెసర్‌లో తెర మీద బొమ్మ చూపించే భాగం కూడా లోపలే ఉండేది. ఇది దానికన్నా బలమైందే కానీ, ఆ భాగం లేని రకం. దీనికి బొమ్మ చూపించడానికి వేరే కార్డు గుచ్చాలి. షాపులో నా బల్ల మీద మిషన్లన్నిటికీ ఆ కార్డు ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. అది అడిగే పనే నాకు పడలేదు ఏనాడూ. అలవాటు మరదలా, అలవాటు!"

"ఆ కార్డు ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు?"

వదిన సొంత పన్ను పీకించుకోబోయే మనిషిలా అంది: "నా కంప్యూటర్‌లో ఉంది."

ఆ కార్డు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వదిన షాపు నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని రాక్షసుల్ని చంపే ఆట ఆడుతుంది. కార్డు లేకపోతే రాక్షసులు కనపడరు.

"వద్దు వదినా, మీ ఆట…"

"ఆట ఎటు పోతుంది? రాక్షసులు నాలుగు రోజులు బతకనీ, పాపం. వాళ్ళకీ పిల్లాజెల్లా ఉంటారు." స్కూటర్ తాళం అందుకుని మెట్లు దిగిపోయింది.

భర్త స్నానానికి వెళ్ళాడు. గదిలో అత్తాకోడళ్ళు మిగిలారు. అత్తగారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరికాళ్ళు నిమురుతోంది. సగం సర్దిన సంచి ఇద్దరి మధ్యా ఉంది.

"నిజం చెప్పనా అమ్మాయ్," అంది అత్తగారు, ఆమెకు కనపడేలా మొహం ఇటు తిప్పి. "ఆ పెట్టె పని చెయ్యాలని కోరుకోవాలో, చెయ్యకూడదని కోరుకోవాలో నాకు తెలియట్లేదే."

ఆమె సంచిని కాస్త పక్కకి జరిపింది. "నేను మీ దగ్గరికి రావడం ఇష్టం లేక కాదు అత్తయ్యా."

"నాకు తెలుసులే. వీడు పుట్టినప్పుడు మా అత్తగారు ఇలాగే అడిగింది. 'నువ్వు నిద్రపో, నేను చూసుకుంటా' అని. నిద్రపోయానా? గోడకి చెవి ఆనించి కూర్చున్నా." అత్తగారు నవ్వింది. "ఆవిడ తెల్లారాక 'పిల్లాడు బంగారుకొండ, కిక్కురుమనలేదు' అంది. రాత్రంతా వాడు ఏడవడం విన్నదాన్ని, నాకు చెప్తుంది!"

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ సంచిలోంచి ఒక గౌను తీసి బీరువాలో పెట్టింది. అత్తగారు చూసి, ఇంకో గౌను తనే అందించింది.

కింద సైకిల్ షాపతను బయట పెట్టిన సైకిళ్ళు లోపలికి తోసుకుంటున్న వేళకి వదిన వచ్చింది. తువ్వాల్లో చుట్టుకుని తెచ్చిన కార్డుని పెట్టెలో గుచ్చి, తెర తీగను దాని వెనక బిగించింది. భర్త బూట్లు వేసుకుంటూ ఒక బూటుతోనే వచ్చి నిలబడ్డాడు. వదిన స్విచ్చి నొక్కింది.

పాప చేతులు పైకి లేచాయి. ఒక్క పొట్టి కూత, అంతే. తెర మీద తాగుబోతు మాయమయ్యాడు. నీలం వెలుగు గదంతా పరుచుకుంది.

"ఏమంటోంది?" అని ఆమె అడిగింది.

"కులాసా అంటోంది," అంది వదిన.

ప్రోగ్రాం తెరిచారు. మైకు పెట్టారు. మంచం పక్క దీపం తగిలించారు. ఇక పాప ఏడవాలి.

పాప ఏడవలేదు. వాళ్ళ నాన్న చేతిలో బొమ్మ లాక్కున్నాడు. పాప ఇంకో చేత్తో అతని ముక్కు పట్టుకుంది. అత్తగారు కళ్ళు పెద్దవి చేసి 'బూచి' అంది. పాప ఎక్కిళ్ళొచ్చేలా నవ్వింది. వదిన తనే నేల మీద కూర్చుని ఏడ్చినట్టు నటిస్తే పాప జాలిపడి చప్పరిస్తున్న బిస్కెట్ ఆవిడ నోట్లో పెట్టబోయింది.

"రోజంతా సైరన్, అవసరానికి మూగనోము," అంది వదిన నోరు తుడుచుకుంటూ.

"ఫోన్లో రికార్డు చేసినవి వెయ్యక్కా," అన్నాడు భర్త. "నాకు బస్సు పోతోంది."

"అవన్నీ దానికి నేర్పిన పాఠాలేరా. నేర్పిన పాఠమే అప్పజెప్పించుకుంటే అది పరీక్షా?"

అప్పుడు ఆమె అంది: "రాత్రి ఎలా ఉంటుందో అలాగే చూద్దాం."

చెవి మిషన్ తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. పాపను ఉయ్యాల్లో దించింది. మంచం మీద గోడవైపు తిరిగి, ఎడమ చెవి దిండుకి ఆనించి కళ్ళు మూసుకుంది. మిగతావాళ్ళు గోడలకి అతుక్కుపోయి నిలబడ్డారు.

ఆ తర్వాత గదిలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. పాప పట్టె పట్టుకుని నిలబడింది. అమ్మ వీపు చూసింది. "మ్మ" అంది. వీపు తిరగలేదు. ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా. పట్టె మీద అరచేత్తో కొట్టింది. అమ్మ కదల్లేదు. ఇలాంటిది పాప జన్మలో చూడలేదు. కింది పెదవి ముందుకొచ్చింది, గడ్డం ముడతలు పడింది, ఊపిరి లోపలికి పోయి చాలాసేపు అక్కడే ఉండిపోయింది, ఆపైన బయటికొచ్చింది.

పక్కనే ఉన్న అత్తగారి చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. పాప చంకల దాకా వెళ్ళాయి. అక్కడ ఆగాయి. ఆవిడ ఆ చేతుల్ని వెనక్కి తెచ్చుకుని, కొంగులో చుట్టుకుని నిలబడింది.

మూసిన రెప్పల మీద ఎరుపు కొట్టుకోవడం ఆమె చూసింది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. కళ్ళు తెరిచింది. గోడ మీద వెలుగు టపటపలాడుతోంది. ఎలా లేచిందో, దుప్పటి ఎటు పోయిందో తెలియదు. తిరిగేసరికి అత్తగారు ఎదురుగా దారి వదిలి నిలబడి ఉంది. ఆవిడ పెదవులు మాత్రం స్పష్టంగా కనపడ్డాయి.

"వెళ్ళవే. నీ డ్యూటీ."

పాపను ఎత్తుకుంది. చిన్న ఛాతీ ఎగిరెగిరి పడటం తన ఛాతీకి తగులుతోంది. ఆ ఏడుపు ఆమె చెవితో వినలేదు కానీ ఒక్క చుక్క కూడా వదల్లేదు. వదిన గాల్లోకి పిడికిలి ఎగరేసింది. భర్త రెండో బూటు వేసుకోకుండానే మెట్ల దాకా పరిగెత్తి, వెనక్కి వచ్చి, వేసుకుని, పాప నెత్తి మీద ముద్దు పెట్టి, "అక్కా, ఆ బీప్ బిళ్ళ ఇక ఉంచెయ్," అని చెప్పి బస్సుకి పరిగెత్తాడు.

పెట్టె మొదటి రాత్రి ఏ కొంటె వేషం వేస్తుందో చూడాలని వదిన ఇక్కడే ఉండిపోయింది.

"నువ్వొక్కదానివే పడుకోగలవా అమ్మా?" అని అడిగింది వదిన.

"నాకేమే! దొంగొస్తే నా గురక విని వాడే పారిపోతాడు," అంది అత్తగారు. పాప బుగ్గ గిల్లి, కోడలి తల నిమిరి, నవ్వుకుంటూనే మెట్లు దిగింది.

ఆమె పాపను భుజాన వేసుకుని కిటికీలోంచి చూసింది. అత్తగారు మలుపు దగ్గర కాసేపు నిలబడింది, ఏదో మరిచిపోయినట్టు. వెనక్కి చూడలేదు. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఒక్కతే పడుకోవడం ఆవిడకు ఇదే మొదలు.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది. "చేరానే, బాగున్నాను, పెట్టేయ్," అందట అత్తగారు. అంత గబగబా 'బాగున్నాను' అనే మనిషి మాట ఫోన్‌లో నమ్మడానికి లేదంటుంది ఆమె. ఎదురుగా నిలబడి మొహం చూడాలి.

పాప ఇప్పుడే భుజం మీద నిద్రపోయింది, ఆమె కదలడానికి లేదు. వదిన పెట్టె ముందు నుంచి లేవడానికి లేదు. కాబట్టి ఇది చదివిన మీలో ఎవరైనా అటు పోతుంటే ఒక్క ఉపకారం చెయ్యండి. రెండు వీధుల అవతల, నీలం గేటు, గుమ్మం ముందు రెండు పూలకుండీలు ఉన్న ఇల్లు. ఇంకా పొద్దు పూర్తిగా పోలేదు, ఆవిడ పడుకుని ఉండదు. తలుపు తట్టండి. కోడలు పంపిందని మాత్రం అనకండి, రోషం వస్తుంది. దాహమేసి ఆగామనండి. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చేటప్పుడు మొహం ఒక్కసారి నిదానంగా చూడండి. చూసి, ఎలా ఉందో వచ్చి చెప్పండి.